ఇసుక మూటకు కాళ్లుండవు

ఏప్రిల్ 27, ఆదివారం

స్ట్రెచర్ మీద రొయ్య పొట్టు ఆరబోసి ఉంది!

పొద్దున చేపల వేలం షెడ్డు తలుపు తీయగానే కంపు కొట్టింది. ఆపదలో పడ్డ మనిషిని తాళ్లతో పైకి లాగడానికి ఫైరు వాళ్లు మా పాళేనికి ఇచ్చిన బుట్ట స్ట్రెచర్ అది. దాన్ని చాటలాగా వాడుకున్నది పరాయివాళ్లు కాదు, మా రెస్క్యూ టీములోని పెంచల్. "అంచులు ఎత్తుగా ఉండాయి గదక్కా, గాలికి లేచిపోదు" అని నాకే వివరించాడు. ఒళ్లు మండిపోయింది.

"కడిగేస్తాలే" అన్నాడు చివరికి. ఏం కడుగుతాడు, బకెట్టుడు సముద్రపు నీళ్లు చల్లి ఎండలో పడేస్తాడు. బెల్టు కుట్లలో ఉప్పు చేరితే ఆరేకొద్దీ దారాన్ని లోపల్నించి కొరుకుతుంది. ఎండ తగిలితే బెల్టు పైకి బాగానే కనపడుతూ లోపల బలం చచ్చిపోతుంది. ఈ మాట వీళ్లకి చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది. నాలుగేళ్లు పోర్టు సేఫ్టీలో పనిచేశాను. అక్కడ మా హెబ్రోను సార్ కుట్టు కుట్టూ వేలితో తడిమి చూడమనేవాడు, చూశామని చెప్తే నమ్మేవాడు కాదు. అందుకని నేనే మంచినీళ్లతో కడిగాను. బకిల్స్‌లోంచి రొయ్య మీసాలు ఏరాను. నీడలో వేలాడదీసేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది.

తర్వాత డ్రిల్లు. మా బోటు మీదే పెట్టుకున్నాం, రెండు ఐసు గదుల్లో కడిగి ఆరబెట్టి తెరిచే ఉంచినదాంట్లో. బోటు అడుగున ఐసు గదికి నోరు ఇరుకు, బుట్ట పడుకోబెట్టి బయటికి రాదు, నిలువునా నిలబెట్టి లాగాలి. పైన మూడు కాళ్ల స్టాండు, దానికి కప్పీ, కప్పీలోంచి తాడు. అంతా సిద్ధం చేసి, ఎవరన్నా కిందికి దిగి బుట్టలో పడుకోండిరా అన్నాను.

ఒక్కడూ కదల్లేదు.

"బతికుండంగా పాడెక్కమంటావా అక్కా?" అన్నాడు పెంచల్. మిగతావాళ్లు నవ్వలేదు, అదీ నా బాధ. నవ్వి ఉంటే నాలుగు తిట్టి పడుకోబెట్టేదాన్ని. చివరికి గోతంలో ఇసుక నింపి, దాన్ని పడుకోబెట్టి, బెల్టులు బిగించి లాగాం.

జూన్ పద్నాలుగుతో వేట విరామం అయిపోతుంది. బోట్లు కదిలేముందు ఐసు గదులు తెరిచి కడగాలి. రెండు నెలలు మూతపెట్టిన గదిలో కుళ్లిన నీళ్లు, చేప పొలుసు, ఆ గాలి పీలిస్తే మనిషి నిలబడ్డచోటే కూలిపోతాడు. మా బోటులో మూసి ఉన్న రెండో గది కడిగేది గణేష్, నా మొగుడు. తను పడితే పైకి తేవాల్సింది ఈ బుట్టలోనే, లాగాల్సింది ఈ మొహాలే. ఇసుక మూటని లాగడం వచ్చినంత మాత్రాన మనిషిని లాగడం వస్తుందా?

గణేష్ కోసమని కాదు నాకింత పట్టుదల. ఎవరి మొగుడైనా మొగుడే.

మే 1, గురువారం

గణేష్ ఒప్పుకున్నాడు. "నేను పడుకుంటాలే, నువ్వు ఊరికే అరవబాక" అన్నాడు. నేను సంతోషించి తలకి నీళ్లు కూడా పోసుకున్నాను.

మా అత్త కామమ్మ వాకిట్లోనే అడ్డంగా నిలబడింది. చీపురు చేతిలో ఉంది గానీ ఊడవడం లేదు.

"నా కొడుకుని కట్టి మోసేది నేను చూడకూడదు మే భవానీ. నేను పోయినాక నీ ఇష్టం, రోజుకోపాలి కట్టుకో."

"అది పాడె కాదత్తా. ప్రాణం కాపాడేది."

"ఆయప్పని గూడా అట్టనే కట్టుకొచ్చినారు, పలక మీద. అప్పుడు గూడా కాపాడే దానికేనన్నారు."

ఆయప్ప అంటే మా మామ. గణేష్ పాలు తాగే బిడ్డగా ఉన్నప్పుడు సముద్రంలో పోయాడు. నాకేం తెలీదా? జాలి లేదా? కానీ జాలిపడుతూ కూర్చుంటే జూన్ ఆగుతుందా? చాలా అన్నాను. అనాల్సినవీ అన్నాను, అనకూడనివీ అన్నాను. గణేష్ గమ్మున వల అల్లుకుంటూ కూర్చున్నాడు. ఈ మనిషి మీద కూడా కోపమే.

మే 4, ఆదివారం

మళ్లీ మూటే.

మే 6, మంగళవారం

పాళెం పెద్ద, పెదకాపు గంగాధరం మామ కబురుపెట్టాడు. వలల షెడ్డులో పెద్దమనుషులంతా కూర్చుని ఉన్నారు. ఆడమనిషిని నేనొక్కదాన్నే. టీ ఇచ్చారు. టీ ఇచ్చారంటే ముందే నిర్ణయం అయిపోయిందని అర్థం.

"ఆ బుట్టలో మూట పెట్టుకో, కొయ్య పెట్టుకో, ఎవురూ వద్దన్లేదు పాపా. మనిషిని మాత్రం కట్టేదానికి లేదు. బతికున్నోణ్ణి కట్టి మోస్తే పాళేనికి అరిష్టం. ఇది దురాయి."

దురాయి పడితే ఇక ఇంటింటికీ కట్టుబాటే. మా వాళ్లు పోలీసులకైనా ఎదురు చెప్తారు గానీ దురాయికి చెప్పరు.

"మరి నిజంగా ఎవురన్నా పడితే మామా? అప్పుడు కట్టొచ్చా?"

"అప్పటి సంగతి వేరు."

"ప్రాణం పోయేటప్పుడు మొదటిసారి కట్టి నేర్చుకోమంటావా?"

"నీ నోరు కొంచెం తగ్గించుకో పాపా. ఆ పోర్టులో నేర్చుకున్నావా ఇట్టా మాట్లాడేది?"

లేచి వచ్చేశాను. టీ అక్కడే పెట్టేశాను. దారి పొడవునా నాలో నేనే వాళ్లకి జవాబులు చెప్పుకుంటూ వచ్చాను, అవి అక్కడ అనుంటే ఎంత బాగుండేది.

మే 11, ఆదివారం

ఒకటి ఒప్పుకోవాలి. ఇవాళ్టి డ్రిల్లు చూడముచ్చటగా ఉంది. "మూటెత్తండి!" అని నేను అరవడం, తాడు బిగుసుకోవడం, బుట్ట గది నోట్లోంచి సుతారంగా లేచి రావడం. ఎవరో వీడియో తీసి పాళెం గ్రూపులో పెట్టారు. సూళ్లూరుపేట నుంచి మా మేనమామ ఫోన్ చేసి మెచ్చుకున్నాడు. గంగాధరం మామ కూడా బొటనవేలు బొమ్మ పెట్టాడు. పెట్టడా మరి, మూటేగా!

బుట్ట తుడుస్తుంటే చూశాను, పాదాల దగ్గరి బెల్టులు రెండూ లేవు.

వెతికితే పెంచల్ మోటారు సైకిల్ మీద దొరికాయి. ఐసు పెట్టెని వాటితో కట్టుకున్నాడు. ఒకటి సైలెన్సరుకి తగిలి కరిగిపోయింది, రెండోది గ్రీజు తాగి నల్లగా అయింది.

"మూటకి కాళ్లుండవు గదక్కా. ఊరికే వేలాడుతుంటే తీసుకున్నా" అన్నాడు.

నేనన్న మాటలు ఇక్కడ రాయను. చెడిపోయిన బెల్టు మళ్లీ ఎవరి చేతికీ దొరక్కూడదు, అందుకని రెండింటినీ కత్తెరతో ముక్కలు ముక్కలుగా కత్తిరించాను. పెంచల్ తననే కత్తిరించినట్టు మొహం పెట్టాడు.

కొత్తవి తెప్పించాలి. ఈలోపు డ్రిల్లుకేం ఇబ్బంది లేదు, మూటే కదా.

మే 13, మంగళవారం

హెబ్రోను సార్‌కి ఫోన్ చేశాను. బజార్లో దొరికే బెల్టు ఏదో ఒకటి కట్టొద్దన్నాడు. సరైనవి నెల్లూరులో వాళ్ల తమ్ముడి షాపులో పెట్టిస్తాడట, పోయి తెచ్చుకోమన్నాడు. అంతవరకు బాగానే ఉంది.

"మనిషిని పెట్టి లేపారామ్మా?"

"లేదు సార్. మా వాళ్ల నమ్మకాలు, పెద్దల కట్టుబాటు..."

"నువ్వు పడుకున్నావా?"

"నేను తాడు దగ్గరుండాలి కదా సార్. నేను పడుకుంటే చెప్పేదెవరు?"

"పోర్టులో కూడా నువ్వెప్పుడూ తాడు దగ్గరే ఉండేదానివి" అన్నాడు.

సిగ్నల్ బాగాలేదని పెట్టేశాను. సిగ్నల్ బాగానే ఉంది.

నాకు నా కారణాలున్నాయి. ఈ పుస్తకంలో కూడా రాయను. గణేష్ చదవడు, అత్తకి చదువు రాదు, అయినా రాయను.

మే 20, మంగళవారం

బెల్టులు నెల్లూరు వచ్చాయట. ఈ ఎండలో బస్సెక్కి ఎవరు పోతారు? ఆదివారం చూస్తాను.

మే 25, ఆదివారం

పోలేదు. రోహిణి కార్తె పెట్టింది, గడప దాటితే మాడిపోతున్నాం.

మూట మాత్రం ఇవాళ మరీ సుఖంగా లేచింది.

మే 30, శుక్రవారం

బోట్ల మీద రంగుల వాసన మొదలైంది. ఇంకో వారంలో గదులు తెరుస్తారు. గణేష్‌కి చెప్పాను, మూత తీసి ఒక పూటంతా వదిలెయ్, ఫ్యాను పెట్టి గాలి తోలు, నన్ను పిలవకుండా దిగొద్దు అని. "మా తాతల కాలం నించి దిగతానే ఉండాం" అన్నాడు. మీ తాతల కాలంలో ఐసు గదులెక్కడివి, ఇంజను బోట్లెక్కడివి! అన్నం పెట్టను ఫో అన్నాను. పెట్టాను, అది వేరే సంగతి.

జూన్ 3, మంగళవారం

అక్షరాలు తిన్నగా రావడం లేదు. కోపంతోనే.

పక్క బోటులో చెంగయ్య మామ పడ్డాడు. పెంచల్ వాళ్ల నాయన. అయిదు నిమిషాల పనే కదా అని ఎవరికీ చెప్పకుండా మూత తీసి బకెట్టు పట్టుకుని దిగాడు. పైనున్నవాళ్లకి బకెట్టు పడ్డ చప్పుడు వినపడింది, ఆ తర్వాత ఏమీ లేదు.

మేం బాగానే చేశాం. ఇది రాసి తీరాలి. పరుగెత్తాం, స్టాండు నిలబెట్టాం, ఫ్యాను పెట్టాం. ఫైరు వాళ్లిచ్చిన గాలి సిలిండరు ఒక్కటే ఉంది, అది తగిలించుకుని మాస్కు వేసుకుని గణేష్ దిగాడు. నన్ను అడగలేదు. నేను వద్దనలేదు. బుట్ట దించాం. గుండె మీద బెల్టు, నడుము బెల్టు, తొడల బెల్టు, అన్నీ డ్రిల్లులో చేసినట్టే బిగించి గణేష్ తాడు గుంజి సైగ చేశాడు.

"మూటెత్తండి!" అని అరిచాను.

సగం వరకు సుతారంగా వచ్చింది. గది నోటి దగ్గరికి వచ్చి బుట్ట పూర్తిగా నిలువునా నిలబడింది. అప్పుడు చెంగయ్య మామ లోపల్లోపలే కిందికి జారాడు.

మూట జారదు. గోతం గరుకుగా ఉంటుంది, ఎక్కడ బిగిస్తే అక్కడే ఉంటుంది. మనిషి జారతాడు. పాదాలు పట్టుకోవడానికి ఏమీ లేకపోతే బరువంతా కిందికే పోతుంది. గుండె మీదుండాల్సిన బెల్టు గొంతు మీదికి వచ్చింది. తల పక్కకి వాలిపోయింది. నాలుక కనపడింది.

ఆ తాడు లాగుతున్నవాళ్లలో పెంచల్ ఉన్నాడు. కన్నతండ్రి మెడ బిగుసుకుంటున్నది వాడి చేతుల్లోనే. "ఆపండ్రా, ఆపండి!" అని అరిచాడు. దించమన్నాను. దిగలేదు. ముసలాయన మోచెయ్యి బయటికి జారి గది అంచుకి ఇరుక్కుంది. పైకీ రాడు, కిందికీ పోడు. నా బుర్రలో ఏమీ లేదు. ఇన్ని డ్రిల్లులు చేశాం, ఇట్లా ఒక్కసారీ జరగలేదు.

గణేష్ కిందనుంచి నిచ్చెన ఎక్కి, ఆయన పాదాలు తన భుజాల మీద పెట్టుకుని పైకి నెట్టాడు. బెల్టు గొంతు మీంచి కొంచెం వదులైంది. అప్పుడే ఈల మొదలైంది. సిలిండర్లో గాలి అయిపోవస్తే ఈల వేస్తుంది. ఆ ఈల పోర్టులో ఎన్నోసార్లు విన్నాను, విసుగ్గా కూడా వినేదాన్ని. ఇవాళ అది నా మొగుడి ముక్కు ముందర మోగుతోంది, పైన బయటికి వచ్చే దారిలో చెంగయ్య మామ అడ్డంగా ఇరుక్కుని ఉన్నాడు.

పెంచల్ బోర్లా పడుకుని లోపలికి చెయ్యి పెట్టి వాళ్ల నాయన మోచేతిని విరిచినంత పనిచేసి బుట్టలోకి తోశాడు. లాగాం. వచ్చాడు. గొంతు మీద బెల్టు కోశాను. దగ్గాడు. బతికే ఉన్నాడు.

గణేష్ తనంతట తానే నిచ్చెనెక్కి వచ్చాడు. మాస్కు తీసి, కూలబడి, నన్ను చూసి నవ్వబోయాడు. పోయి చెంప మీద కొట్టాను. అందరూ చూశారు. చూడనీ.

ఆంబులెన్సు వచ్చే లోపలే గట్టు మీద మొదలైంది. "చెప్తే విన్నారా, పాడెక్కించినారు, ప్రాణం మీదికి తెచ్చినారు" అని. ఎక్కించినందుకు కాదు, ముందెప్పుడూ ఎక్కించనందుకు వచ్చింది! ఎవరికి చెప్పను? ఎవరు వింటారు?

జూన్ 4, బుధవారం

చెంగయ్య మామ బతుకుతాడు. నెల్లూరు ఆస్పత్రిలో ఉన్నాడు. భుజం కీలు తప్పింది, మెడ చుట్టూ నల్లగా కమిలింది.

పెంచల్ వచ్చాడు. వాణ్ణి చూడగానే నిన్నటి కోపమంతా ఒక్కసారి పొంగింది. నీ ఐసు పెట్టె, నీ మోటారు సైకిలు, నీ నాయన మెడకి నువ్వే ఉరి బిగించావు, ఇంకా ఏమేం అన్నానో. తల దించుకుని అంతా విన్నాడు. విని, నెమ్మదిగా అడిగాడు.

"కొత్తవి నెల్లూరు వచ్చినాయన్నావు గదక్కా?"

వాణ్ణి బయటికి పొమ్మన్నాను.

జూన్ 5, గురువారం

నెల్లూరు పోయి బెల్టులు తెచ్చాను. బస్సులో సీటు దొరికింది. ఎండ ఏమంత లేదు.

ఆస్పత్రికీ పోయాను. చెంగయ్య మామ గొంతు బొంగురుపోయింది. పక్కన స్టూలు మీద కూర్చున్నాను. తనే మొదలుపెట్టాడు.

"అన్నీ వినపడతానే ఉండాయి పాపా. కళ్లు తెరిచేదానికి శక్తి లేదు గానీ చెవులు పనిచేస్తానే ఉండాయి."

"మాట్లాడబాక మామా, డాక్టరు వద్దన్నాడు."

"మూటెత్తండి అన్నావు."

నేను బత్తాయిల సంచీ ముడి విప్పడం మొదలుపెట్టాను.

"మూట ఏందబ్బా, నేను గదా ఉండేది అనుకున్యా. లాగు అంటుండారు, దించు అంటుండారు. ఒక్కరు గూడా నన్ను మామా అని పిలవలేదు, చెంగయ్యా అన్లేదు. సరే, నేను పోయినట్టుండా, అందుకే ఎవురూ మాట్లాడలేదు అనుకున్యా."

ఆయన కోపంగా చెప్పలేదు. కోపంగా చెప్పినా బాగుండేది, నేను తిరిగి ఏదో ఒకటి అనేదాన్ని. బత్తాయిలు అక్కడ పెట్టి వచ్చేశాను. బస్సులో కూర్చుని ఏడ్చాను, పక్కసీటావిడ ఎవరు పోయారమ్మా అని అడిగింది. ఎవరూ పోలేదు అని కసురుకున్నాను.

జూన్ 7, శనివారం

టీముని పిలిచాను. కొత్త బెల్టులు చూపించాను. ఇప్పుడన్నా మనిషిని పెట్టి లేపాలి, ఎక్కడ జారతాడో, ఎక్కడ ఒరుసుకుంటాడో మనిషి చెప్తేనే తెలుస్తుంది అన్నాను. పెంచల్ "నేను పడుకుంటా" అన్నాడు. అప్పటికప్పుడు వాళ్లమ్మ వచ్చి నా కాళ్లు పట్టుకుంది, ఒకణ్ణి చంపబోయినావు చాలదా అని. ఇంకొకడు దురాయి గుర్తుచేశాడు. అందరూ తలోదారి పట్టారు.

ఇంటికొచ్చి గిన్నెలు విసిరికొట్టాను. ఈ పాళెంలో ఒక్క మగాడికీ ధైర్యం లేదు, అందరూ పిరికిపందలే అని గోడలకి చెప్పాను. అత్త పెరట్లో కత్తిపీట ముందు కూర్చుని చేపలు తోముతోంది.

"నువ్వు పడుకో" అంది.

"ఏంది?"

"అందర్నీ తిడతుండావు గదా. నువ్వు దేనికి పడుకోవు? నీకూ భయమే."

"భయం కాదు."

"మరేంది?"

చెప్పాను. ఎందుకు చెప్పానో, అందులోనూ ఈవిడకి. పోర్టులో మొదటి రోజు ట్రైనింగులో నన్నే పడుకోమన్నారు. ఆడమనిషిని నేనొక్కదాన్నే. వెల్లకిలా పడుకున్నాను. నలుగురు మగాళ్లు మీదికి వంగి, రొమ్ముల మీదుగా ఒకటి, తొడల మధ్యగా ఒకటి బెల్టులు తీసుకుంటుంటే వెనకాల ఎవడో కిసుక్కుమన్నాడు. హెబ్రోను సార్ చూడలేదు. కడుపు నొప్పని లేచిపోయాను. ఆ రోజు నుంచి తాడు దగ్గరే నిలబడ్డాను. మళ్లీ ఎవడూ నన్ను పడుకోమనకుండా, నేనే అందరికంటే గట్టిగా అరవడం నేర్చుకున్నాను. తప్పు నాదేం కాదు. అయినా చెప్తుంటే మొహం కాలిపోయింది.

అత్త చెయ్యి ఆపలేదు. పొలుసు ఎగిరి నా చీర మీద పడుతోంది.

"ఇంతేనా? నేను కడతాలే" అంది.

"నీకేం వచ్చు?"

"వల ముడేసే చేతులు మే ఇవి. చూపిచ్చు, కడతా."

"పాడె అన్నావు కదా!"

అప్పుడు ఆపింది. చేతులు కడుక్కుంది. "ఆ రోజు గట్టు మీద నేనూ ఉండా. ఆ ఈల నాకూ వినపడింది. నా కొడుకు లోపల, దారికి అడ్డంగా చెంగయ్య. పాడెకి భయపడి, కొంచెముంటే నా బిడ్డని ఆ గుంతలో వదిలేసుకునేదాన్ని" అంది. ఆ తర్వాత ఉప్పు అయిపోయింది, తెప్పించు అంది.

జూన్ 8, ఆదివారం

పడుకున్నాను.

మా బోటు మీదే. అత్త చీర చెంగు బిగించి ఐసు గదిలోకి దిగింది, మగాళ్లందర్నీ పైనుండమంది. గుండె బెల్టు తనే వేసింది, తొడల బెల్టులు తనే వేసింది, బకిల్ ఎట్లా నొక్కాలో నేను చెప్తుంటే "తెలిసిందిలే, గమ్మునుండు" అని కసిరింది. కాళ్ల బెల్టులు పాదం వంపు దగ్గర బిగించి, పట్టుకుని ఊపి చూసింది. చేపల బుట్టకి తాడు కట్టి చూసుకున్నట్టే చూసుకుంది. ఆ తర్వాత నిచ్చెనెక్కి పైకి పోయింది. నేనొక్కదాన్నే మిగిలాను.

ఇన్నాళ్లూ నాకు తెలియనివి: చేతులు కదలవు. ముక్కు మీద ఈగ వాలితే తోలుకోలేం. ఆకాశం పలక ముక్కంత కనపడుతుంది. తాడు బిగిసినప్పుడు కింద నేల వదిలేస్తుంది. అరవాలనిపించింది, దించండ్రా అని. నోరు తెరిచే లోపల పైనుంచి అత్త తల కనపడింది.

"మే భవానీ, చింతకాయ పచ్చడి ఎక్కడ పెట్టినావు? పొద్దున వెతికినా కనపళ్లేదు. కాకి అరుస్తాంది చూడు, మీ తమ్ముడేమన్నా వస్తాడేమో. కోడి మళ్లీ పక్కింట్లో గుడ్డు పెట్టినట్టుండాది..."

ఆవిడ ఆపలేదు. ఆమెకెవరూ చెప్పలేదు మాట్లాడమని. బుట్ట నిలువునా నిలబడింది, బరువంతా పాదాల మీదికి వచ్చింది, బెల్టులు పట్టుకున్నాయి, నేను జారలేదు. ఆ మాటలు పట్టుకునే పైకి వచ్చాను. పచ్చడి పై అలమరలో ఉందని కూడా చెప్పాను.

అప్పుడు పెంచల్ తాడుని ఒక్క కుదుపు కుదిపాడు, నా తల వెనక్కి కొట్టుకుంది. ఇక ఊరుకుంటానా? నీ చేతులు విరిగిపోను, గేదెని లాగుతున్నావా, నీకు తాడు ఇచ్చినవాణ్ణి అనాలి అని కట్టేసినదాన్ని కట్టేసినట్టే అందుకున్నాను.

గట్టు మీద గంగాధరం మామ వచ్చి నిలబడి ఉన్నాడు. ఎవరు కబురుపెట్టారో. పాళెమంతా వెనకాలే ఉంది.

"కామమ్మా, దురాయి ఉండాదని తెలుసు గదా. బతికున్న మనిషిని పాడె మీద..."

"పాడె మీదుండేవాళ్లు ఇట్టా తిడతారా కాపూ?" అంది అత్త. "విను, ఎట్టా తిడతుందో."

అందరూ విన్నారు. నేను ఇంకా ఆపలేదు కదా. ఎవరో ఫక్కున నవ్వారు. గంగాధరం మామ నవ్వలేదు, కోప్పడనూ లేదు. తువ్వాలు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. దురాయి తీసేశామని ఎవరూ చెప్పలేదు. నేను అడగను.

పడుకుంటేనే తెలిసింది: ఎడమ మోకాలి కింద ఖాళీగా ఉంది, దుప్పటి మడిచి పెట్టాలి. తలకి రెండు పక్కలా ఏదన్నా మెత్తటిది కావాలి. కింద పడుకున్న మనిషితో మాట్లాడటానికి ఒకరు ఉండాలి, వాళ్లకి ఇంకే పనీ చెప్పకూడదు. ఆ పని అత్తకి ఇచ్చాను. ఏమీ ఎరగనట్టు మొహం పెట్టింది గానీ, సాయంత్రం పొరుగింటావిడతో "నేను టీములో చేరినా" అంటుంటే విన్నాను.

జూన్ 14, శనివారం

రేపు బోట్లు కదులుతాయి.

ఈ వారమంతా పడుకున్నారు, ఒకరి తర్వాత ఒకరు. పెంచల్ అయితే రెండుసార్లు. ఇవాళ గణేష్. కాళ్ల బెల్టులు నేను వేశాను, మిగతావి వాళ్లమ్మ వేసింది. "ఇంకా బిగించు, ఇంకా" అని నా మీద అరిచింది కూడా.

బుట్ట గది నోట్లోంచి సగం లేచింది. ఎండ కళ్లలో పడుతోందని గణేష్ కళ్లు మూసుకున్నాడు. చేతులు లోపల, మెడ దాకా దుప్పటి, నాలుగు పక్కలా నలుగురు. అత్త ఏదో చెప్తూనే ఉంది. నేను తాడు దగ్గర నిలబడ్డాను. మళ్లీ "లాగండి" అనాలి. నా నోట్లోంచి మాట రాలేదు. రెండు నెలల్నించి వీళ్లందర్నీ మూఢులని, పిరికివాళ్లని తిట్టాను. నా మొగుణ్ణి అట్లా చూసేసరికి నాకూ పాడే కనపడింది. అచ్చంగా పాడే. అందరూ నా వంకే చూస్తున్నారు, బుట్ట గాల్లో ఆగిపోయి ఉంది.

"మే, లాగమను. కాళ్లు నొప్పి పుడుతుండాయి" అన్నాడు, కళ్లు తెరవకుండానే.

అప్పుడు వచ్చింది నోరు. ఏమేం తిట్టానో నాకే గుర్తులేదు, అత్త చెవులు మూసుకుందని తర్వాత చెప్పారు. లాగారు. వచ్చాడు.

ఇంటికొచ్చాక చూస్తే పాదాల వంపుల్లో బెల్టు వాతలు ఎర్రగా తేలాయి. కొబ్బరినూనె రాయమన్నాడు. నీ చేతులేమన్నా పడిపోయాయా అన్నాను. రాస్తూనే అన్నాను.